ప్రతిఘటన యెవరి జబ్బు?

కిందటి విద్యాసంవత్సరంలో మా కళాశాల అధ్యాపకులకూ, సిబ్బందికీ కలిపి ఒక రోజు శిక్షణా తరగతి జరిగింది. నగరం నుండి వచ్చిన వక్త గారు పెద్ద తెరమీద బొమ్మలు చూపిస్తూ రెండు గంటలు మాట్లాడారు. విషయం: “నూతన సాంకేతిక విధానాలపట్ల ఉద్యోగుల ప్రతిఘటన – దానిని అధిగమించే మార్గాలు.” ఆ శీర్షికలోనే తీర్పు వున్నది. ప్రతిఘటించేవాడు ఉద్యోగి. అధిగమించవలసినది అతని ప్రతిఘటనను. తెచ్చిపెట్టిన విధానం మంచిదా, చెడ్డదా, మంచిదైతే యెవరికి మంచిది అనే ప్రశ్నకు ఆ రెండు గంటల్లోనూ చోటు దొరకలేదు.

వక్త గారు ప్రతిఘటనకు కారణాలు వరుసగా చెప్పారు: భయం, బద్ధకం, అలవాటు, అజ్ఞానం, వయస్సు. మందులు కూడా చెప్పారు: నచ్చజెప్పడం, బహుమతు లివ్వడం, మొండివారిని గుర్తించి వేరుచేయడం. వింటున్నంతసేపూ యేదో అంటువ్యాధిని గూర్చి వింటున్నట్లే వున్నది.

ఆ గదిలో వెనుక బల్లమీద మా గ్రంథాలయ సహాయకు లొకరు కూర్చుని వున్నారు. కాంట్రాక్టు ఉద్యోగి. యిరవై యేళ్లకు పైగా పుస్తకాలకు అట్టలు వేసి, జిగురు పూసి, దుమ్ము దులిపి ఆయన వేళ్లమీది గీతలు అరిగిపోయాయి. వేలిముద్రల హాజరు యంత్రం పెట్టిన నాటి నుండీ అది ఆయనను సరిగా గుర్తించదు. పొద్దున్నే అందరికన్న ముందు వచ్చి తలుపులు తీసే మనిషి, యంత్రం లెక్కలో ఆరు రోజులు రానేలేదు. ఆరు రోజుల జీతం కోశారు. అడగబోతే “యంత్రం అబద్ధం చెబుతుందా?” అన్నారు. ఆయన నాతో అన్నమాట యిది: “నేను వచ్చానో లేదో నన్ను అడగరు, మిమ్మల్ని అడగరు. నా వేలిని అడుగుతారేమండీ, మేష్టారూ?”

తరగతి చివర వక్త గారు “యీ యంత్రం వద్దంటున్న వారు మీలో యెవరు?” అని అడిగారు. కొందరు వెనక్కి తిరిగి ఆయనవైపు చూసి నవ్వారు. నేను నవ్వలేదు. కాని నోరూ తెరవలేదు. ఆ మౌనానికి సంజాయిషీగానే యీ వ్యాసం రాస్తున్నాను.

*

వక్త గారు చూపిన బొమ్మల్లో గంట ఆకారపు గీత ఒకటి వున్నది. కొత్త వస్తువును ముందుగా అందుకునే సాహసికులు నూటికి 2.5 మంది; వారి వెనుక 13.5 మంది, తరువాత 34, మళ్లీ 34, చిట్టచివర 16 మంది వెనుకబడినవారు. యీ లెక్క 1962లో అమెరికన్ సామాజిక శాస్త్రజ్ఞుడు ఎవరెట్ రోజర్స్ ప్రకటించిన “డిఫ్యూజన్ ఆఫ్ ఇన్నొవేషన్స్” అనే గ్రంథంలోనిది. వక్త గారు ఆ పేరు చెప్పలేదు. ఆ గ్రంథకర్తే తరువాతి కూర్పుల్లో తన శాస్త్రానికి పట్టిన పక్షపాతాలను ఒప్పుకున్న సంగతి అసలే చెప్పలేదు. కొత్తదైతే చాలు, మంచిదే అనుకోవడం ఒక పక్షపాతం. అది చెల్లకపోతే తప్పు మనిషిదే గాని విధానానిది కాదనుకోవడం మరొకటి.

రోజర్స్ యౌవనంలో అయొవా రాష్ట్రపు రైతులను పరిశీలించాడు. పొలంలో రసాయనాలు చల్లనని భీష్మించిన ఒక రైతును ఆయన వెనుకబడినవారి పద్దులో వేశాడు. పురుగుమందుల హాని లోకానికి తెలిసివచ్చిన తరువాత, ఆ రైతు వెనుకబడినవాడు కాడు, అందరికన్న ముందున్నవాడని తానే రాసుకున్నాడు. అట్లాగని కొత్తదల్లా చెడ్డదని నేననడం లేదు. అదే అయొవాలో 1936 కరువు సంవత్సరాన సంకరజాతి మొక్కజొన్న నిలబడింది. రోజర్స్ తండ్రి పట్టుబట్టి వేసుకున్న పాతరకం యెండిపోయింది. ఒకచోట వద్దన్నవాడు ఒప్పు, మరొకచోట వద్దన్నవాడు తప్పు. కాబట్టి వద్దనడమనే గుణాన్నిబట్టి మనిషిని తూచడానికి వీలులేదు. దేనిని వద్దన్నాడు, యెందుకు వద్దన్నాడు అని అడిగి తీరాలి. శిక్షణా తరగతిలో యెవరూ అడగనిది సరిగ్గా యిదే.

“ప్రతిఘటనను అధిగమించడం” అనే మాటకు కూడా ఒక చరిత్ర వున్నది. 1948లో లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ అనే యిద్దరు ప్రకటించిన పరిశోధన వ్యాసానికి దాదాపు యిదే పేరు. వర్జీనియా రాష్ట్రంలోని మారియన్‌లో హార్వుడ్ కంపెనీ వారి పైజమాల కర్మాగారం వుండేది. పనివారిలో యెక్కువమంది స్త్రీలు. పని పద్ధతి మార్చినప్పుడల్లా ఉత్పత్తి పడిపోయేది, జనం మానివేసి పోయేవారు. పరిశోధకులు పనివారిని గుంపులుగా తీసుకున్నారు. ఒక గుంపుకు మార్పును ఆజ్ఞగా వినిపించారు. ఒక గుంపు తరఫున ప్రతినిధులతో సంప్రదించారు. మరి రెండు గుంపుల్లో ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి కొత్త పద్ధతిని గూర్చి వారితో చర్చించారు. ఆజ్ఞ విన్న గుంపులో మొదటి 40 రోజుల్లోనే నూటికి 17 మంది పని మానేశారు. మిగిలినవారి ఉత్పత్తి కోలుకోలేదు. అందరూ పాలుపంచుకున్న గుంపులు త్వరలోనే పూర్వపు స్థాయిని దాటిపోయాయి.

అంతకన్న ముఖ్యమైన ఘట్టం తరువాతది. రెండున్నర నెలలు గడిచాక, ఆ “మొండి” గుంపులో మిగిలిన 13 మందినే మళ్లీ వేరే పనికి మార్చారు. యీసారి అందరినీ చర్చలోకి రానిచ్చారు. ఆ 13 మందే త్వరగా నేర్చుకుని పాత స్థాయిని దాటారు. వారి వయస్సు తగ్గలేదు. అజ్ఞానం తొలగించే తరగతులేవీ జరగలేదు. మారినదల్లా యాజమాన్యం వారితో వ్యవహరించిన తీరు. అంటే, యీ శాస్త్రానికి పునాదిరాయిగా చెప్పుకునే పరిశోధనే జబ్బు ఉద్యోగిలో లేదని రుజువు చేసింది. నేటి శిక్షకులు శీర్షికను వుంచుకుని ఫలితాన్ని పారేశారు.

హార్వుడ్ పరిశోధనను నేను ఆకాశానికెత్తడం లేదు. అక్కడ కూడా మార్పు రావాలా వద్దా అన్న నిర్ణయం పనివారి చేతిలో లేదు. దానివల్ల పెరిగిన లాభం యెవరిది అన్న ప్రశ్న చర్చకు రాలేదు. “యెలా” అన్నదానిలో కొంత పాలు యిచ్చారు. “యెందుకు”, “యెవరికోసం” అన్నవి యజమాని గదిలోనే వుండిపోయాయి.

*

యాజమాన్యపు వాదాన్ని ఖండించడం మనకు సులభం. మన పంక్తిలో కూర్చున్నవారి వాదాలను ఖండించడమే కష్టం. తరగతి ముగిసిన తరువాత యిద్దరు మిత్రులతో మాట్లాడాను. యిద్దరూ అభ్యుదయవాదులమని చెప్పుకునేవారే.

ఒకరన్నారు: “ఉత్పత్తి శక్తుల అభివృద్ధే చరిత్ర గమనం. యంత్రాన్ని అడ్డుకోవడం పెటీబూర్జువా భావుకత్వం. లుడ్డైట్లు యేమైపోయారో తెలియదా?” రెండవవారన్నారు: “యంత్రమంటేనే పెట్టుబడి. దాన్ని గుమ్మంలోకి రానివ్వకపోవడమే వర్గపోరాటం.” యీ యిద్దరూ పరస్పరం విరోధులమనుకుంటారు. నిజానికి యిద్దరిదీ ఒకే పొరపాటు. యిద్దరూ యంత్రాన్నే చూస్తున్నారు. దాన్ని పట్టుకున్న చేతిని చూడడం లేదు.

లుడ్డైట్ల పేరు మనం తిట్టుగా వాడుతున్నాము గనుక వారి చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. 1811లో నాటింగ్‌హామ్ ప్రాంతంలో మేజోళ్లు అల్లే పనివారు మగ్గాలు విరగ్గొట్టారు. ఆ మగ్గం కొత్తదా? విలియం లీ దాన్ని 1589లో కనిపెట్టాడు. అప్పటికి రెండు వందల యేళ్లకు పైగా ఆ పనివారి తాతముత్తాతలు దానిమీదనే బ్రతికారు. వారి ఫిర్యాదు మగ్గం మీద కాదు. వెడల్పు మగ్గాలమీద నాసిరకం గుడ్డ నేయించి, కత్తిరించి, కుట్టి, మేజోళ్లని అమ్మడం మీద. పని నేర్వనివారిని పెట్టి కూలి తగ్గించడం మీద. డబ్బుకు బదులు సరుకు ముట్టజెప్పడం మీద. వారు కూలి కోసిన యజమానుల మగ్గాలను విరిచి, న్యాయమైన కూలి యిచ్చేవారి మగ్గాలను ముట్టుకోకుండా పోయిన సందర్భాలున్నాయి. గుడ్డిద్వేషం యిలా యేరి చూసి కొడుతుందా?

దానికి ప్రభుత్వం యిచ్చిన జవాబు యేమిటి? సుమారు 12,000 మంది సైనికులను దించింది. 1812లో మగ్గం విరిచినవానికి మరణశిక్ష విధించే చట్టం చేసింది. ఆ బిల్లును ప్రభువుల సభలో 1812 ఫిబ్రవరి 27న ఖండించినవాడు ఒక కవి, బైరన్. సభలో ఆయన తొలి ప్రసంగం అదే. 1813 జనవరిలో యార్క్ నగరంలో 17 మందిని వురితీశారు. “లుడ్డైట్లు యేమైపోయారో తెలియదా?” అని అడిగే మిత్రునికి యిదే జవాబు: వారు చరిత్ర గమనం కింద పడి చావలేదు, వురికొయ్యమీద చచ్చారు. ఆ రెంటినీ ఒకటిగా చూపడం యెవరికి లాభమో మనం ఆలోచించాలి.

మార్క్స్ “కాపిటల్” మొదటి సంపుటంలో (1867) యంత్రానికీ, పెట్టుబడి దానిని వినియోగించే తీరుకూ తేడా తెలుసుకోవడానికి కార్మికులకు కాలమూ, అనుభవమూ పట్టిందని రాశారు. యీ మాటను లుడ్డైట్లను వెక్కిరించడానికి వాడుతుంటాము. నా మనవి: ఆ తేడా నాటింగ్‌హామ్ పనివారికి చాలావరకు తెలుసు. 1952లో ఎరిక్ హాబ్స్‌బామ్, 1963లో ఇ. పి. థామ్సన్ యిదే సంగతిని ఆధారాలతో నిరూపించారు. సంఘం పెట్టుకోవడమే నేరమైన రోజుల్లో మగ్గం విరచడం యజమానిని బేరానికి రప్పించే మార్గాల్లో ఒకటి. తేడా తెలియనిది మన రెండవ మిత్రునికి. తెలిసీ మరిచినవాడు మొదటి మిత్రుడు.

*

మన దేశపు అనుభవం యేమిటి? 1956 సెప్టెంబరు 1న జీవిత బీమా సంస్థ యేర్పడింది. 1960ల ద్వితీయార్ధంలో కలకత్తాలోని ఇలాకో హౌస్ అనే భవనంలో కంప్యూటరు దిగకుండా ఉద్యోగులు పగలూ రాత్రీ కాపలా కాశారు. దేశంలో చదువుకున్న నిరుద్యోగులు వేలంవెర్రిగా దరఖాస్తులు పెట్టుకుంటున్న కాలమది. వేయి చేతులు చేయగల పనికి విదేశీమారకం ఖర్చుపెట్టి యంత్రం తేవడం యెందుకు అన్న ప్రశ్న ఆనాడు అర్థంలేనిది కాదు. ప్రభుత్వమే 1969లో వి. ఎం. దండేకర్ అధ్యక్షతన ఆటోమేషన్ మీద కమిటీ వేయవలసివచ్చింది; 1972లో అది నివేదిక యిచ్చింది. వీధిలో పడుకున్న గుమస్తా లేకపోతే ఆ కమిటీ లేదు.

బ్యాంకుల్లో కథ మరోలా నడిచింది. 1983లో సంఘాలు యాజమాన్యాలతో ఒప్పందం చేసుకున్నాయి. 1993లో మళ్లీ చేసుకున్నాయి. యంత్రాలు యెన్ని, యెక్కడ, వాటిమీద పనిచేసేవారికి అదనపు భత్యం యెంత అన్నవి బేరంలోకి వచ్చాయి. వద్దన్న మాటను షరతుగా మార్చుకున్నారు. దానివల్ల లెడ్జరు పద్దులతో కళ్లు పోగొట్టుకునే గుమస్తాకు మేలు జరిగింది. కౌంటరు ముందు గంటలకొద్దీ నిలబడే ఖాతాదారుకు కూడా మేలు జరిగింది. దీన్ని మనం మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే, వరుసలో నిలబడ్డ ఆ సామాన్యుడు మన వాదం యెందుకు వినాలి?

అయితే లోపం కూడా చెప్పాలి. ఆ ఒప్పందాలు ప్రధానంగా లోపల వున్నవారి రక్షణకే. బయట నిలబడ్డ నిరుద్యోగికీ, రేపు కాంట్రాక్టు మీద వచ్చేవానికీ ఆ బల్లముందు కుర్చీ లేదు. మా గ్రంథాలయ సహాయకులు అట్లా కుర్చీలేనివారిలో ఒకరు. శాశ్వత ఉద్యోగులమైన మా వేళ్లను యంత్రం గుర్తిస్తున్నది. మా జీతాలు కోతపడలేదు. అందుకే మేము నవ్వగలిగాము.

*

నేటి యంత్రానికీ, ఆనాటి యంత్రానికీ ఒక ముఖ్యమైన తేడా వున్నది. మగ్గం గుడ్డ నేసింది. బీమా కంప్యూటరు లెక్క చేసింది. హాజరు యంత్రం యేమి తయారుచేస్తుంది? గుడ్డ కాదు, లెక్క కాదు. మనిషిమీద అనుమానం తయారుచేస్తుంది. దీన్ని “ఉత్పత్తి శక్తి” అని పిలవడానికి నా మొదటి మిత్రునికి కూడా నోరు రాకూడదు.

గ్రామీణ ఉపాధి హామీ పనుల్లో 2021 మే నెలలో హాజరు యాప్ ఒకటి తెచ్చారు. 2023 జనవరి 1 నుండి దాన్ని దాదాపు అన్ని పనిచోట్లా తప్పనిసరి చేశారు. రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో తీసి పంపాలి. సిగ్నలు లేని కొండమీద మస్టరు యెలా పడుతుంది? మట్టి తవ్విన చేయి నిజం, సిగ్నలు రాకపోవడం నిజం. కాని కూలి కోతపడింది మాత్రం చేతికే. కూలీలు 2023 ఫిబ్రవరిలో ఢిల్లీ జంతర్ మంతర్ వద్ద నిరసనకు కూర్చున్నారు. వారికి సాంకేతిక భయమని యెవరైనా అనగలరా? దొంగ మస్టర్లను పట్టడానికే యంత్రమన్నారు గదా! 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఒక సర్క్యులరులో, పనికి సంబంధంలేని ఫోటోలూ, ఫోటోకు తీసిన ఫోటోలూ ఆ యాప్‌లోకి యెక్కుతున్నాయని ఒప్పుకున్నది. దొంగ దారి వెతుక్కున్నాడు. దొరికిపోయినవాడు కూలీ.

2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి ఉపాధ్యాయులకు ముఖం చూసి హాజరు వేసే యాప్ తెచ్చి, స్వంత ఫోన్లలో వేసుకోమన్నది. ఉపాధ్యాయ సంఘాలు అభ్యంతరం చెప్పి, పరికరాలు ప్రభుత్వమే యివ్వాలన్నాయి. పత్రికల్లో కొందరు “పంతుళ్లు బడి యెగ్గొట్టడానికే” అని యెద్దేవా చేశారు. సుద్దముక్క బడిది, బల్ల బడిది, హాజరు పట్టీ బడిది. హాజరు తీసుకునే పరికరం మాత్రం ఉపాధ్యాయుని జేబులోది యెందుకు కావాలి? అడిగినది యింత చిన్న న్యాయం. బడికి రాని ఉపాధ్యాయులు లేరా? వున్నారు. వారిని వెనకేసుకు రావడం మన పని కాదు. కాని పిల్లల తల్లిదండ్రులకు జవాబుదారీగా వుండడం వేరు, యెక్కడో వున్న యంత్రానికి ముఖం చూపించడం వేరు.

మన వృత్తికి దగ్గర సంగతి మరొకటి. 2023 మే 2 నుండి సెప్టెంబరు 27 వరకు, 148 రోజులు, అమెరికాలో సినిమా, టెలివిజన్ రచయితలు సమ్మె చేశారు. వారి కోరికల్లో కృత్రిమ మేధ ఒకటి. వారు దానిని నిషేధించమనలేదు. ఒప్పందంలో సాధించుకున్నవి యివి: యంత్రం రాసినది రచయిత రచనగా లెక్కకు రాదు, దాన్ని వాడమని రచయితను కంపెనీ బలవంతపెట్టకూడదు, యంత్రం రాసిన ప్రతిని చేతికిస్తే ఆ సంగతి ముందే చెప్పాలి, కంపెనీ సమ్మతితో రచయిత తనంతట తాను వాడుకోవచ్చు. నాటింగ్‌హామ్ పనివాడు సుత్తితో అడిగినదాన్నే వీరు సంఘంతో, సమ్మెతో అడిగి కొంతవరకు సాధించారు.

*

యీ అనుభవాలన్నిటి నుండి నాకు తేలినది యిది. పనిచోటికి యే యంత్రం వచ్చినా, హర్షించడానికి ముందూ, అడ్డుకోవడానికి ముందూ మనం అయిదు ప్రశ్నలు అడగాలి. దాని ఖర్చు యెవరిది? అది రాసుకున్న లెక్కను చూసే హక్కు యెవరికి వున్నది? యంత్రమూ మనిషీ వేర్వేరు మాటలు చెప్పినప్పుడు యెవరి మాట చెల్లుతుంది? మిగిలిన కాలమూ, డబ్బూ యెవరికి పోతున్నాయి? దీన్ని తేవాలని నిర్ణయించిన గదిలో దానిమీద పనిచేసేవారు వున్నారా? వీటికి జవాబు చెప్పగల యాజమాన్యానికి ప్రతిఘటన పెద్దగా యెదురు కాదు. జవాబు చెప్పలేనివారే శిక్షకులను పిలిపిస్తారు.

తరగతి జరిగిన పదిరోజులకు మేము కొందరం కలిసి ఒక మహజరు రాశాము. యంత్రం పక్కన సంతకాల పుస్తకం కూడా వుంచాలనీ, యంత్రం లెక్కను ప్రతి ఉద్యోగీ చూసుకునే వీలుండాలనీ, కోసిన ఆరు రోజుల జీతం తిరిగి యివ్వాలనీ కోరాము. మొదటి సంతకం నన్ను పెట్టమన్నారు. ఆ రోజు నవ్విన వారిలో యిద్దరు నా తరువాత సంతకం పెట్టారు. మరి కొందరు “మనకెందుకు, మన వేళ్లు బాగానే వున్నాయి గదా” అన్నారు. సంతకాల పుస్తకం వచ్చింది. మిగిలిన రెండు కోరికలూ పరిశీలనలో వున్నాయంటున్నారు. గ్రంథాలయ సహాయకులు ప్రతి ఉదయం ఆ పుస్తకంలో గుండ్రంగా, నిదానంగా పేరు రాసి, తరువాత అలవాటుగా యంత్రంమీద వేలు పెడతారు. అది యిప్పటికీ ఆయనను గుర్తించదు. ఆరు రోజుల జీతం యింకా రాలేదు.

యీ పత్రిక చదివే అధ్యాపక మిత్రులకూ, విద్యార్థులకూ నా విజ్ఞప్తి ఒక్కటే. మీ కళాశాలలో, మీ కార్యాలయంలో యింతకుముందే యిటువంటి యంత్రమొకటి గోడకు వేలాడుతూ వుంటుంది. అది యెవరిని గుర్తించడం లేదో వెళ్లి కనుక్కోండి. ఊడ్చేవారిని అడగండి, వంటమనుషులను అడగండి, కాంట్రాక్టువారిని అడగండి. వారి ఫిర్యాదును మీ సంఘం తీర్మానంలో మొదటి అంశంగా పెట్టండి. మా ఆరు రోజుల జీతం సంగతి తేలేవరకు మేమూ అడుగుతూనే వుంటాము.